పెద్దమ్మకి తొమ్మిది వచ్చాయి: పారాసైకాలజీ ల్యాబుకీ దెయ్యాల సినిమాకీ మధ్య దూరం

మొన్న సంక్రాంతికి తణుకు దగ్గర మా పెద్దమ్మ వాళ్లింట్లో అందరం కలిశాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంటర్ చదువుతున్న మా అక్క కొడుకు ఏదో హారర్ సిరీస్ చూసిన ఊపులో మా అందరికీ ఒక పరీక్ష పెట్టాడు. అటక మీది పాత శుభలేఖల్ని కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపు స్కెచ్ పెన్నుతో బొమ్మలు గీశాడు. వృత్తం, ప్లస్ గుర్తు, మూడు అలలు, చతురస్రం, నక్షత్రం. ఒక్కో బొమ్మకీ ఐదు చొప్పున మొత్తం 25 కార్డులు. కలిపి, బోర్లించి, పై కార్డు మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడుగుతాడు. చెప్పగానే తిప్పి చూపిస్తాడు. మేం 14 మందిమి. నాకు 4 సరిపోయాయి, బావకి 6. అందరి ఆటా చూస్తూ చివర్లో కూర్చున్న పెద్దమ్మకి 9 వచ్చాయి.

ఇక చూస్కోండి గోల. "దానికి చిన్నప్పట్నుంచీ ముందే తెలిసిపోతుందిరా" అన్నాడు పెదనాన్న. తన తమ్ముడు పోయే ముందురోజు రాత్రి కలలో కనిపించిన సంగతి పెద్దమ్మ మళ్లీ చెప్పింది. మా వాడు ఫోన్ తీసి, "అమ్మమ్మా, దీన్ని ఈఎస్‌పీ అంటారు, పారాసైకాలజీలో సైంటిస్టులు ప్రూవ్ చేశారు" అని తేల్చేశాడు.

దెయ్యం సినిమా ఒకటి ఆడిందంటే చాలు, ఈ "ప్రూవ్ చేశారు" అన్న మాట యూట్యూబ్ నిండా వినిపిస్తుంది. ఎవరు, ఎక్కడ, ఏం ప్రూవ్ చేశారని అడిగితే మాత్రం కథ పెద్దదే. పెద్దమ్మ తొమ్మిది కార్డులతోనే మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది.

పారాసైకాలజీలో దెయ్యాల వాటా ఎంత?

పారాసైకాలజీ అనగానే మనకి పాడుబడ్డ బంగళా, అర్ధరాత్రి, బీప్ బీప్‌మనే మీటరు గుర్తొస్తాయి. ఆ శాఖలో పని చాలావరకు పట్టపగలు, బల్ల ముందు కూర్చుని అంకెలు రాసుకుంటూ జరిగింది.

అది పరీక్షించే విషయాలు ముఖ్యంగా మూడు. మొదటిది, కన్ను, చెవి లాంటి ఇంద్రియాల ప్రమేయం లేకుండా సమాచారం తెలియడం. దీన్నే ఈఎస్‌పీ (ఎక్స్‌ట్రా సెన్సరీ పర్సెప్షన్) అంటారు. ఎదుటి మనిషి మనసులోది తెలిస్తే టెలిపతి. మూసిన కవర్లోదో, ఎక్కడో దూరాన ఉన్నదో తెలిస్తే క్లేర్‌వాయెన్స్, మన మాటలో దివ్యదృష్టి. జరగబోయేది ముందే తెలిస్తే ప్రికాగ్నిషన్. రెండోది సైకోకినెసిస్, అంటే చెయ్యి తగలకుండా మనసుతోనే వస్తువుని కదిలించడం. ఈ రెంటినీ కలిపి 'సై' అని పిలుచుకుంటారు. మూడోది, మనిషి పోయాక ఏదైనా మిగులుతుందా అన్న ప్రశ్న. ఆత్మలు, పునర్జన్మ, దెయ్యాలు వచ్చేది ఇక్కడే. జ్యోతిషానికీ, వాస్తుకీ, ఎగిరే పళ్లేలకీ ఈ శాఖతో సంబంధం లేదు.

దీనికి సైకియాట్రీతోనూ సంబంధం లేదు. సినిమాలు ఈ తేడాని బాగా చెరిపేశాయి కాబట్టి విడిగా చెప్పాల్సి వస్తోంది. సైకియాట్రిస్టు డాక్టరు, వైద్యం చేస్తాడు. సైకాలజిస్టు మనసు పనితీరుని చదువుతాడు. పారాసైకాలజిస్టు ఫలానా శక్తి ఉందన్న మాట నిజమో కాదో పరీక్షిస్తాడు. ఆయన దగ్గర మందూ ఉండదు, మంత్రమూ ఉండదు.

1882లో లండన్‌లో సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ పెట్టినప్పుడు ఈ పరిశోధన ఒక పద్ధతిలో పడింది. టెలిపతి అన్న మాట పుట్టిందీ ఆ ఏడాదే, ఫ్రెడరిక్ మైయర్స్ చేతిలో. అప్పట్లో పరీక్షలన్నీ మీడియంల చుట్టూ, అంటే ఆత్మలతో మాట్లాడతామనేవాళ్ల చుట్టూ తిరిగేవి. చీకటి గదిలో బల్ల చుట్టూ చేతులు పట్టుకు కూర్చోవడం, బల్ల లేవడం, గంట మోగడం. 1926లో అమెరికాలో జె.బి. రైన్ అనే యువకుడు అలాంటి ఒక పేరుమోసిన మీడియం దగ్గర కూర్చుని, ఇదంతా మోసమని రాసి బయటికొచ్చాడు. ఆయన చదివింది వృక్షశాస్త్రం. చీకట్లో మనిషిని అదుపులో పెట్టలేం, వెలుగులో కార్డుల్ని పెట్టగలం అన్నది ఆయన పట్టుకున్న దారి. డ్యూక్ యూనివర్సిటీలో సహోద్యోగి కార్ల్ జీనర్ రూపొందించిన ఐదు బొమ్మలే మా వాడు శుభలేఖల మీద గీసినవి. పారాసైకాలజీ అన్న పేరు 1889లోనే జర్మన్ పండితుడు మాక్స్ డెస్వార్ పెట్టినా, జనంలోకి వచ్చింది మాత్రం 1930ల్లో రైన్ వల్ల.

25లో 9 అంటే గొప్పేనా?

ఐదు బొమ్మల్లో ఒకటి కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా ఐదోవంతు సరిపోతాయి. 25కి 5 అన్నమాట. అందరికీ కచ్చితంగా ఐదే రావు. ఒకరికి 3, ఒకరికి 7, ఒకరికి 5. 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం నూటికి 5 కంటే కొంచెం తక్కువ. అంటే దాదాపు 21 మందిలో ఒకరికి. ఇది ఒక మనిషిని అనుకుని, ఒకేసారి పరీక్షిస్తే.

మేం కూర్చున్నది 14 మందిమి. వాళ్లలో ఎవరో ఒకరికి 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం ఎంత? ఒక్కరికీ రాకపోయే అవకాశం 0.953ని 14 సార్లు గుణిస్తే వస్తుంది, అంటే 0.51. కాబట్టి ఎవరో ఒకరికి వచ్చే అవకాశం 0.49. బొమ్మా బొరుసూ వేసినట్టే. ఆ రోజు పెద్దమ్మకి వచ్చింది గానీ, రాకపోతే ఇంకో సంక్రాంతికి ఇంకో పిన్నికి వచ్చేది. అప్పుడు ఆవిడ కలలు మాట్లాడుకునేవాళ్లం.

పెద్దమ్మ తమ్ముడి కలకీ ఇదే లెక్క వేసి చూడొచ్చు. ఇక్కడ అంకెలు నేను అనుకుంటున్నవే. ఒక మనిషి 60 ఏళ్లలో సుమారు 22,000 రాత్రులు నిద్రపోతాడు. దగ్గరివాళ్లు పోయినట్టు జీవితం మొత్తంలో ఒక్క కలే వస్తుందనుకుందాం. అది సరిగ్గా వాళ్లు పోయే ముందు రాత్రే పడే అవకాశం 22,000లో ఒకటి. 8 కోట్ల మంది తెలుగువాళ్లని తీసుకుంటే, ఏ శక్తీ లేకుండానే ఒక తరంలో 3,600 మందికి పైగా ఈ అనుభవం జరగాలి. ఆ 3,600 మందీ జీవితాంతం దాన్ని చెప్పుకుంటారు. కల వచ్చీ ఏమీ జరగనివాళ్లు పొద్దున కాఫీ తాగి మర్చిపోతారు.

ఈ లెక్క పెద్దమ్మ కలని అబద్ధం చెయ్యదు. కాకతాళీయంగా కూడా అలా జరగొచ్చు అని మాత్రమే అంటుంది.

శుభలేఖ మూల పసుపు మరక

ఆ కార్డులు శుభలేఖలు కదా. మూలల్లో పసుపు రాసి పంపుతాం. కత్తిరించినా కొన్నిటి మీద ఆ మరక మిగిలింది. కొన్నిటి వెనక బంగారు రంగు వినాయకుడి తొండం, కొన్నిటి వెనక వరుడి ఇంటిపేరులో సగం. పెద్దమ్మ తన వంతు వచ్చేలోగా మిగతా వాళ్ల ఆటంతా చూసింది. పసుపు ఎక్కువున్న కార్డు తిప్పితే నక్షత్రం అని ఆవిడ కావాలని గుర్తుపెట్టుకుందనను. కన్ను తనంతట తానే పట్టేస్తుంది. పట్టేసిన సంగతి మనకే తెలియదు.

ఇంకో చిల్లు కూడా ఉంది. చెప్పిన ప్రతిసారీ కార్డు తిప్పి చూపించాడు మా వాడు. ఏ బొమ్మలు ఎన్ని అయిపోయాయో గుర్తుపెట్టుకుని, మిగిలినవాటిలో ఎక్కువున్నదాన్నే చెప్తూ పోతే సగటున 8.65 సరిపోతాయని గణిత నిపుణులు లెక్క తేల్చారు. పేకాటలో ముక్కలు గుర్తుపెట్టుకునేవాళ్లకి ఇది నల్లేరు మీద నడక. మా పెద్దమ్మ రమ్మీలో ఎవర్నీ గెలవనివ్వదు.

కాబట్టి 9 అన్న ఆ ఒక్క అంకెకి మూడు వివరణలు వరసలో నిలబడ్డాయి: అదృష్టం, లీకు, శక్తి. మొదటి రెండిటికీ తలుపులు మూశాకే మూడోదాని పేరెత్తాలి. పారాసైకాలజీ చరిత్ర అంతా ఆ రెండు తలుపులు మూసే ప్రయత్నమే.

రైన్ తొలి ప్రయోగాల్లో తలుపులు బాగానే తెరిచి ఉన్నాయి. కార్డుల అచ్చు కొన్ని కోణాల్లో వెనక నుంచి కనిపించేది. చెప్పేవాడూ అడిగేవాడూ ఎదురెదురుగా కూర్చునేవారు. విమర్శలొచ్చాక అడ్డుతెరలు పెట్టారు, గదులు మార్చారు, చివరికి భవనాలే మార్చారు. 1933-34లో హ్యూబర్ట్ పియర్స్ అనే విద్యార్థి లైబ్రరీలో కూర్చుని, ఇంకో భవనంలో ఉన్న కార్డుల్ని చెప్పాడు. 1,850 సార్లలో 558 సరిపోయాయి. ఊరికే చెప్తే 370 రావాలి. అదృష్టంతో కొట్టిపారేసే తేడా కాదు. 1937లో అమెరికాలో ఒక గణాంకవేత్తల సంఘం అధ్యక్షుడు కూడా రైన్ లెక్కల్లో తప్పు లేదని, పట్టుకుంటే ప్రయోగం జరిగిన తీరునే పట్టుకోవాలని అన్నాడు. తర్వాతి కాలంలో సి.ఇ.ఎం. హాన్సెల్ అనే విమర్శకుడు పట్టుకున్నది అదే. లైబ్రరీలో పియర్స్ మీద కాపలా లేదు, అతను లేచి వచ్చి తొంగిచూసి ఉండొచ్చు కదా అన్నాడు. చూశాడని రుజువు లేదు, చూడలేదని కూడా లేదు. అప్పట్నుంచీ ఆ వాదన అక్కడే ఉంది.

మోసాలు బయటపడ్డవీ ఉన్నాయి. లండన్‌లో ఎస్.జి. సోల్ చేసిన ప్రయోగాలు చాలాకాలం ఈ శాఖకి తలమానికంగా ఉండేవి. 1978లో బెట్టీ మార్క్‌విక్ ఆ అంకెల్ని తవ్వి, మధ్యలో మార్చారని చూపించింది. ఆవిడ బయటి శత్రువేం కాదు, సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ మనిషే. 1974లో రైన్ సంస్థలో డైరెక్టరుగా ఉన్న యువకుడు యంత్రం అంకెల్ని తారుమారు చేస్తుంటే తోటి పరిశోధకులే పట్టుకున్నారు. రైన్ దాన్ని దాచకుండా తన పత్రికలోనే రాశాడు.

లీకు పట్టడం సైంటిస్టు వల్ల అన్నిసార్లూ కాదు. పరమాణువు అబద్ధం చెప్పదు, మనిషి చెప్తాడు. అందుకే ఇంద్రజాలికులు రంగంలోకి వచ్చారు. 1979లో జేమ్స్ రాండీ ఇద్దరు కుర్ర ఇంద్రజాలికుల్ని శక్తులున్నవాళ్లుగా అమెరికాలో ఒక పరిశోధనశాలకి పంపాడు. వాళ్లు చెంచాలు వంచి, ఫ్యూజులు ఎగరగొట్టి అక్కడివాళ్లని ఏళ్ల తరబడి నమ్మించారు. 1983లో అసలు సంగతి వాళ్లే బయటపెట్టారు. మన ఊళ్లలో జన విజ్ఞాన వేదిక వాళ్లు నాలుక మీద కర్పూరం వెలిగించి, గుట్టు విప్పి చూపించేదీ ఈ దారిలోనే.

పింగ్‌పాంగ్ బంతులు, ఎర్ర లైటు

కార్డులు బోరు కొట్టాయి. చెప్పేవాళ్లకీ కొట్టాయి, గంటసేపు కూర్చుంటే ఎవరికైనా కొడతాయి. 1970ల్లో గంజ్‌ఫెల్డ్ పద్ధతి వచ్చింది. మనిషిని వాలుకుర్చీలో పడుకోబెట్టి, సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతుల్ని కళ్ల మీద అతికిస్తారు. ఎర్ర లైటు వేస్తారు, చెవుల్లో టీవీ సిగ్నల్ పోయినప్పుడు వచ్చే హోరు లాంటి శబ్దం పెడతారు. ఇంకో గదిలో ఒకరు ఒక ఫొటో చూస్తూ కూర్చుంటారు. పడుకున్న మనిషి తన మనసులో మెదిలింది చెప్తాడు. తర్వాత నాలుగు ఫొటోలిచ్చి, అవతలి మనిషి చూసిందేదో ఎంచుకోమంటారు. ఊరికే చెప్తే నూటికి 25 సరిపోవాలి. 1994లో డారిల్ బెమ్, చార్లెస్ హోనార్టన్ కలిసి, హోనార్టన్ ల్యాబులో జరిగిన ప్రయోగాల్ని కలిపి చూసి 32 వచ్చాయన్నారు. 1999లో జూలీ మిల్టన్, రిచర్డ్ వైజ్‌మన్ వేరే 30 ప్రయోగాలు కలిపి చూస్తే తేడా కనబడలేదు. ఏ ప్రయోగాల్ని లెక్కలోకి తీసుకోవాలి, ఏవి వదిలెయ్యాలి అన్న దగ్గర మొదలైన తగువు ఇంకా తెగలేదు.

ఇక్కడ ఫైల్ డ్రాయర్ అన్న మాట తెలుసుకోవాలి. మంచి ఫలితం వస్తే పత్రికకి పంపుతారు, రాకపోతే కాగితాలు సొరుగులోకి పోతాయి. ఇరవై మంది ఒకే ప్రయోగం చేస్తే ఒకరికి ఊరికేనే మంచి అంకె వస్తుంది. అచ్చయ్యేది ఆ ఒక్కటే అయితే చదివేవాడికి శక్తి ఉన్నట్టే అనిపిస్తుంది. 1979లో సైకాలజిస్టు రాబర్ట్ రోజెంతాల్ దీనికి ఆ పేరు పెట్టాడు.

2011లో ఇదే బెమ్ పెద్ద బాంబు పేల్చాడు. కార్నెల్ యూనివర్సిటీలో వెయ్యి మందికి పైగా విద్యార్థులతో 9 ప్రయోగాలు చేసి, జరగబోయేదాని ప్రభావం ముందే పడుతోందని, సైకాలజీలో అగ్రశ్రేణి పత్రికలో రాశాడు. ఒక ప్రయోగంలో తెర వెనక ఏ వైపు శృంగార చిత్రం వస్తుందో విద్యార్థులు నూటికి 50 బదులు 53 సార్లు సరిగ్గా చెప్పారు. వేరే బృందం వాటిలో ఒకదాన్ని మళ్లీ చేసి, ఏమీ రాలేదని రాసి పంపితే, పాత ప్రయోగాల్ని తిరిగి చేసినవి మేం అచ్చు వేయం అంటూ ఆ పత్రిక వెనక్కి పంపింది. సొరుగంటే ఇదే.

ఆ గొడవ పారాసైకాలజీని దాటి పోయింది. బెమ్ వాడినవి అందరూ వాడే పద్ధతులే. వాటితో భవిష్యత్తు కూడా కనబడుతోందంటే, ఇదే తూనికతో తూచిన మిగతా ఫలితాల సంగతేంటన్న అనుమానం పుట్టింది. 2015లో చాలామంది కలిసి సైకాలజీలో అచ్చయిన 100 పరిశోధనల్ని మళ్లీ చేసి చూస్తే, మొదటిలాంటి ఫలితం వచ్చినవి 36 శాతమే. ఇప్పుడు ప్రయోగానికి ముందే "ఇదీ మా పద్ధతి, ఇంతమందిని పరీక్షిస్తాం" అని నమోదు చేసే అలవాటు పెరిగింది. నాకు సరదాగా అనిపించేదేంటంటే, 1970ల మధ్యలోనే మార్టిన్ జాన్సన్ అనే పారాసైకాలజిస్టు తన పత్రికలో ఈ పద్ధతి పెట్టాడు.

ఇంతకీ ఉందా లేదా అంటే, నిపుణుల్లోనే రెండు మాటలున్నాయి. దూరాన ఉన్నది మనసుతో చూసే మనుషులతో గూఢచర్యం చేయించాలని అమెరికా ప్రభుత్వం ఇరవై ఏళ్లకి పైగా సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. 1995లో దాన్ని మూసేసే ముందు ఇద్దరితో సమీక్ష చేయించారు. మిగతా శాస్త్రాలకి వాడే కొలతలే వాడితే ఈ శక్తి ఉన్నట్టేనంది గణాంకవేత్త జెస్సికా అట్స్. లెక్క తేడా చూపించినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు, వేరేచోట వేరేవాళ్లకీ నిలకడగా రావాలన్నాడు సైకాలజిస్టు రే హైమన్. గూఢచర్యానికి పనికొచ్చే సమాచారం మాత్రం రాలేదని సమీక్ష తేల్చింది. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది హైమన్ వైపే. నేనూ అటే. కట్టుదిట్టం పెరిగే కొద్దీ తగ్గిపోయే ఫలితాన్ని నమ్మడం కష్టం.

వాల్తేరులో ఒక డిపార్ట్‌మెంటు

ఈ కథలో తెలుగువాళ్ల వాటా చిన్నదేం కాదు. రైన్ దగ్గర పనిచేసిన కోనేరు రామకృష్ణారావు గారు విశాఖకి తిరిగొచ్చి, 1960ల చివర్లో ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నిలబెట్టారు. ఒక యూనివర్సిటీ డిపార్ట్‌మెంటు బోర్డు మీద ఆ మాట ఉండటం ప్రపంచంలోనే అరుదు. తర్వాత ఆయనే ఆ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు, అమెరికాలో రైన్ స్థాపించిన సంస్థనీ నడిపారు. 2011లో పద్మశ్రీ అందుకుని, 2021లో కన్నుమూశారు. యోగశాస్త్రంలో చెప్పిన మనసుకీ, ల్యాబులో కొలిచే మనసుకీ వంతెన వెయ్యాలన్నది ఆయన తపన. పతంజలి యోగసూత్రాల్లో విభూతి పాదంలో ఎక్కువ భాగం సిద్ధుల గురించే. ఆ పాదంలోనే, సమాధికి ఇవి అడ్డంకులని కూడా ఉంది. మన టీవీ బాబాలు ఆ సూత్రం జోలికి పోరు.

జైపూర్‌లో రాజస్థాన్ యూనివర్సిటీ వాళ్లు పునర్జన్మ మీద పనిచేశారు. వర్జీనియా యూనివర్సిటీ డాక్టరు ఇయాన్ స్టీవెన్సన్ మన దేశానికి మళ్లీ మళ్లీ వచ్చి, అన్ని దేశాల్లో కలిపి రెండున్నర వేల ఉదంతాలు పోగేశాడు. ఆయన ఓపికకి విమర్శకులు కూడా దణ్ణం పెడతారు. వాళ్ల అభ్యంతరం వేరే. ఎక్కువ ఉదంతాల్లో పరిశోధకుడు వెళ్లేసరికే రెండు కుటుంబాలూ కలిసి మాట్లాడేసుకున్నాయి. పిల్లాడు మొదట ఏమన్నాడో, పెద్దవాళ్లు తర్వాత ఏం అతికించారో విడదీయలేం.

సినిమా ఏం తీసుకుంది, ఏం వదిలేసింది

స్టీవెన్సన్ ఉదంతాల్లో గత జన్మ మాట్లాడేది రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి మర్చిపోతారు కూడా. మన సినిమాలో? 'మూగ మనసులు'లో కొత్త దంపతులకి గోదావరి మీద పడవలో గుర్తొస్తుంది, 'మగధీర'లో చెయ్యి తగిలితే గుర్తొస్తుంది. ప్రేమకథకి మూడేళ్ల పిల్లాడు పనికిరాడు కదా. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కథకి తన అవసరాలుంటాయి. జనం మనసులో పునర్జన్మ బొమ్మ మాత్రం సినిమాదే, పరిశోధకుడి నోట్‌బుక్‌ది కాదు.

తెలుగు తెర మీద దెయ్యం కూడా చాలా మారింది. విఠలాచార్య దెయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్లు పెట్టి వంట చేసేది. పిల్లలు భయపడుతూనే నవ్వేవాళ్లు, అది సైన్సని ఎవరూ అనుకోలేదు. తర్వాత మంత్రగాడి పక్కన డాక్టరు వచ్చి నిలబడ్డాడు. 2005లో డబ్బింగై వచ్చిన 'చంద్రముఖి'లో దెయ్యం పట్టిందనుకున్న అమ్మాయికి మానసిక సమస్య ఉందని సైకియాట్రిస్టు చెప్తాడు. స్ప్లిట్ పర్సనాలిటీ అన్న మాట మన పల్లెలదాకా వెళ్లింది ఆ సినిమాతోనే అని నా అంచనా. వివరణ డాక్టరుది, పతాక సన్నివేశం హంగామా అంతా భూతవైద్యానిది. ప్రేక్షకుడు ఇంటికి ఏది పట్టుకెళ్లాడో చెప్పడం కష్టం.

ఈమధ్య భూతవైద్యుడి చేతిలో నిమ్మకాయ పోయి మీటరు వచ్చింది. ఆ ఈఎంఎఫ్ మీటరు (విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) కరెంటు పనివాళ్ల వస్తువు. గోడలో వైరింగ్ ఉన్నా, పక్కన ఫోన్ ఉన్నా ముల్లు కదులుతుంది. దెయ్యానికి విద్యుదయస్కాంత క్షేత్రం ఉంటుందని ఎవరూ చూపించలేదు. అమెరికా టీవీలో దెయ్యాల వేట కార్యక్రమాలు దాన్ని ఫేమస్ చేశాయి, అక్కడి నుంచి మన యూట్యూబ్ కుర్రాళ్ల చేతికొచ్చింది. పాడుబడ్డ ఇంట్లో అది మోగితే "పారాసైకాలజీ ప్రకారం" అని వాయిస్ ఓవర్. జీనర్ కార్డు ఒక్కటైనా కనబడదు.

"యథార్థ సంఘటన ఆధారంగా" అన్న మాటనీ కాస్త దగ్గరగా చూడాలి. 1977లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో ఒక ఇంట్లో సామాన్లు ఎగురుతున్నాయని, గోడల్లో చప్పుళ్లని పెద్ద గొడవైంది. సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ తరఫున వెళ్లిన ఇద్దరు నెలల తరబడి ఆ ఇంట్లో ఉండి నమ్మారు. అదే సొసైటీ నుంచి వెళ్లిన ఇంకొందరు నమ్మలేదు. పిల్లలు చెంచాలు వంచుతూ దొరికిపోయారు, కొన్ని తామే చేశామని తర్వాత ఒప్పుకున్నారు కూడా. 2016లో వచ్చిన 'ది కంజ్యూరింగ్ 2' ఈ ఉదంతం మీదే తీశారు. ఆ ఇంటితో పెద్దగా సంబంధం లేని అమెరికా దంపతులు అందులో హీరోలు. సొసైటీ వాళ్ల తగువు పక్కకి పోయింది. నా మటుకు అసలు కథ ఆ తగువులోనే ఉంది.

చప్పుడు నిజం, కారణం వేరు

ఇదంతా చదివి, అయితే జనం చెప్పేవన్నీ అబద్ధాలా అనుకోనక్కర్లేదు. హాస్టల్లో ఉన్నప్పుడు ఒక తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది గానీ వేలు కూడా కదల్లేదు. గుండె మీద ఎవరో కూర్చున్న బరువు. తలుపు దగ్గర నల్లటి ఆకారం. అరుద్దామంటే గొంతు లేదు. కలలొచ్చే దశలో శరీరం కదలకుండా మెదడు కండరాల్ని పట్టి ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, ఆ పట్టు ఆలస్యంగా వదులుతుంది. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. పేరు తెలిశాక కూడా ఆ ఆకారం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంగ్లండ్‌లోని కావెంట్రీలో విక్ టాండీ అనే ఇంజినీరు తన ల్యాబులో రాత్రిపూట ఒంటరిగా పనిచేస్తుంటే ఒళ్లు చల్లబడి, కంటి చివర బూడిదరంగు ఆకారం కనబడింది. తిరిగి చూస్తే లేదు. మర్నాడు కత్తిసాము పోటీకి వెళ్లడం కోసం తన కత్తిని బాగుచేసుకుందామని బిగిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే అది ఊగుతోంది. ఇంకొకరైతే అక్కడే పారిపోయేవాళ్లు. ఆయన కత్తిని గదిలో అటూ ఇటూ జరిపి, ఎక్కడ ఎక్కువ ఊగుతోందో చూశాడు. కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను నుంచి సుమారు 19 హెర్ట్జ్ శబ్దం వస్తోంది. చెవికి వినబడదు గానీ గాలి కదులుతుంది. ఫ్యాను బిగింపు మార్చాక ఆకారం మళ్లీ రాలేదు. 1998లో ఆయన ఇది రాస్తే సంశయవాదులు సంబరపడ్డారు. 2009లో లండన్ పరిశోధకులు గదిలో కావాలని అలాంటి శబ్దాలు పెట్టి పరీక్షిస్తే, చాలామందికి వింత అనుభూతులు కలిగాయి గానీ వాటికీ శబ్దానికీ పొంతన కుదరలేదు. ఏదో జరుగుతుందని ముందే చెప్పడమే కారణమై ఉండొచ్చన్నారు. చూశారా, సైన్సు పేరుతో వచ్చిన వివరణ కూడా పరీక్షకి నిలబడాల్సిందే.

ఎన్‌ఫీల్డ్ లాంటివాటిని పడమటి దేశాల్లో పోల్టర్‌గైస్ట్ అంటారు, అల్లరి దెయ్యం అని. ఇంటి మీద రాళ్లు పడటం, ఉన్నట్టుండి బట్టలు కాలడం. తెలంగాణలో ఇదే భానామతి. లక్షణాలు అచ్చం అవే, నింద పడే చోటు వేరు. అక్కడి పారాసైకాలజిస్టులు ఆ ఇంట్లోనే ఉన్న ఒక కుర్రాణ్నో అమ్మాయినో చూసి, వాళ్ల మనసులోని ఒత్తిడే వస్తువుల్ని కదిలిస్తోందన్నారు. విమర్శకులు ఆ పిల్లల చేతులే కదిలిస్తున్నాయన్నారు. ఎటు చూసినా కారణం ఇంటి లోపలే. మన దగ్గర చూపు గడప దాటి పక్కింటి ముసలావిడ మీదకో, ఊరి చివర గుడిసె మీదకో పోతుంది. చేతబడి అనుమానంతో దాడి, హత్య అని జిల్లా పేజీల్లో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం.

రెండో ఆట

కనుమ రోజు మా వాడితో కార్డులు మళ్లీ చేయించాను. కొత్త చార్ట్ కొని, అన్నీ ఒకే కొలతకి కత్తిరించాం. మధ్యలో అట్టపెట్టె అడ్డం పెట్టాం. తిప్పి చూపించడం లేదు, చివర్లోనే లెక్క. పెద్దమ్మ బజ్జీలు వేస్తూ వేస్తూ వచ్చి కూర్చుంది. 25 అయ్యాక చూస్తే 4.

"నువ్వలా పోలీసోడిలా చూస్తూ కూర్చుంటే ఏం వస్తాయిరా?" అంది నాతో. నవ్వాను గానీ, పారాసైకాలజీలో ఇది గంభీరంగా చర్చించిన మాటే. నమ్మేవాళ్లకి ఎక్కువ, నమ్మనివాళ్లకి తక్కువ వస్తాయని గెర్‌ట్రూడ్ ష్మైడ్లర్ 1940ల్లోనే రాసింది. నమ్మేవాళ్లని గొర్రెలన్నారు, నమ్మనివాళ్లని మేకలన్నారు. పరీక్ష పెట్టేవాడి అపనమ్మకం కూడా ఫలితాన్ని చెడగొడుతుందని కొందరంటారు. అప్పుడు రాకపోవడం కూడా శక్తికి సాక్ష్యమే అయిపోతుందని విమర్శకుల గోడు.

మా వాడు నోట్‌బుక్కులో మొన్నటి 9 పక్కన పెన్ను ఆపి అడిగాడు. "మామయ్యా, ఈ 4 కూడా రాయాలా?"

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది. "అది తీసెయ్ నాన్నా, ఇవాళ నాకు కళ్లజోడు లేదు."